తెల్ల గడిలో పడ్డ మాట

"మా అమ్మని ఈ కొంపలో ఇంక ఉంచేది లేదు! ఎదురు వీధి శవపేటికల వాళ్ళని పిలుస్తున్నాను. సాయంత్రం జపమాల మొదలయ్యేలోపు పెట్టె ఇక్కణ్ణుంచి కదలాలి!"

ఎలిసెయో గొంతుకి మా శవపేటికల ఇంటి హాల్లో శవజాగారానికొచ్చి కాఫీలు తాగుతున్నవాళ్ళంతా కప్పులు కింద పెట్టారు. మూల బల్ల దగ్గర పేకాడుతున్నవాళ్ళు ముక్కలు బోర్లించి మరీ చూశారు. పెట్టెలో ఉన్న వాళ్ళమ్మ ఆలింగ్ బియాంగ్ ఒక్కతే నిశ్చింతగా ఉంది. బజార్లో అరిటాకు చుట్టిన జిగురన్నం పొట్లాలు అమ్ముకున్నన్నాళ్ళూ కొడుకు అరుపుల్ని ఆవిడ అంతగానే పట్టించుకుంది.

మా అన్నయ్య మార్సెలో, ఊరందరికీ మాంగ్ సెలో, చేతులు కట్టుకుని తలవంచుకు నిలబడ్డాడు. ఊళ్ళో సగం ఇళ్ళ పెద్దల్ని సమాధిదాకా చేర్చిన మనిషి. ఒకరి ముందు ఇలా తలదించుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం.

"తియా కోరింగ్, మీరే చదవండి. అందరికీ వినపడేలా చదవండి," అని ఎలిసెయో తన ఫోను నా ముక్కు కింద పెట్టాడు. ఊళ్ళో పిల్లలందరికీ నేను తియానే, అత్తనే.

చదివాను, పైకి మాత్రం కాదు. అతని చెల్లెలు మారివిక్ హాంకాంగ్‌లో ఒకరింట్లో పిల్లని చూసుకునే పనిలో ఉంది. తల్లి గురించి ఏదో అడగడానికి మా వెబ్‌సైట్‌లో చాట్ బొమ్మ నొక్కిందట. మా వైపు నుంచి ఆఖర్న వెళ్ళిన జవాబు ఇది:

"మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు. త్వరలోనే మళ్ళీ మీకు సేవ చేసే అవకాశం కలగాలని కోరుకుంటున్నాం. మీ రోజు ఆనందంగా గడవాలి!"

సుస్మర్యోసెప్, ఏసూ మరియా యోసేపూ! నాకు తల కొట్టేసినట్టయింది.

"త్వరలోనే మళ్ళీ అట! ఇంకెవర్ని పంపమంటారు మాంగ్ సెలో? నన్నా? మా ఆవిడనా?"

మా వృత్తిలో కొన్ని మాటలు నోటికి రాకూడదు. శవం ఉన్న ఇంట్లో వచ్చినవాళ్ళకి ధన్యవాదాలు చెప్పం, మళ్ళీ రమ్మనం, గడపదాకా వెళ్ళి సాగనంపం. వచ్చినవాళ్ళు కూడా తిన్నగా ఇంటికి పోరు. పోయినవాళ్ళు వెంట వస్తారని భయం, దారిలో ఎక్కడో ఒకచోట ఆగి పోతారు. మా వీధి మొగలో లోమి సేమ్యా అమ్మేవాడు ఆ భయం మీదే మేడ కట్టాడు. ఇదంతా ఈ ఇంట్లో పుట్టిన పిల్లకి ఒకరు నేర్పాల్సిన పని లేదు. అలాంటిది మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురు, మా లునింగ్, ఆ వాక్యం రాసి పంపింది.

"తప్పు మా ఇంటిదే," అన్నాడు అన్నయ్య. "నీ ఇష్టం ఎలిసెయో. కాదనే ముఖం నాకు లేదు."

ఎలిసెయో విసవిసా బయటికి నడిచాడు. మనుషుల్నీ బండినీ తేవడానికేనని అందరికీ అర్థమైంది. అన్నయ్య ఎవరి వైపూ చూడకుండా మేడ మెట్లెక్కాడు. వెనకే నేనూ.

మేడ మీద వంటింట్లో లునింగ్ సంచీ సర్దుకుంటోంది. మనీలాలో తన పాత కంపెనీలో సీటు ఖాళీగా ఉందనీ, సోమవారం లోపు వస్తే తీసుకుంటామనీ వాళ్ళు పొద్దున్నే ఫోన్ చేశారు. ఈ గొడవ జరక్కపోతే పిల్ల వాళ్ళకి రానని చెప్పేసేది. ఇక్కడే ఉండిపోదామనే వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ మా వెబ్‌సైట్‌కి ఆ చాట్ తగిలించడానికి ఎంత కష్టపడిందో నేను చూశాను.

"చెప్పు దానికి," అన్నాడు అన్నయ్య నాతో. చెయ్యి చాస్తే తగిలే దూరంలో ఉంది కూతురు. "ఆ చాట్ తీసి పారెయ్యమని చెప్పు."

"తీసేస్తానని చెప్పు తియా. అదీ నేనూ కలిసే పోతాం."

"ఏడ్చినట్టుంది మీ వరస! నేనేమన్నా తపాలా బంట్రోతునా మీ ఇద్దరికీ?"

ఇద్దరూ నవ్వలేదు. పొయ్యి మీద బరాకో కాఫీ పొంగిపోతున్నా ఎవరూ కదల్లేదు. చివరికి నేనే దించాను.

"వేళ్ళు వాటంతట అవే రాసేశాయి తియా," అంది లునింగ్. "ఏళ్ళ తరబడి విదేశీ హోటలు వాళ్ళ చాట్‌లో కూర్చున్నాను. ముగ్గురితో ఒకేసారి మాట్లాడాలి. ముగించేటప్పుడు ఆ వాక్యం రాయకపోతే మా పైఅధికారి ఒంటికాలి మీద లేచేవాడు. మారివిక్‌తో చాలాసేపు మాట్లాడాను. ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. 'ఉంటాను మరి' అనగానే కళ్ళు తుడుచుకుంటూ ముగించాను. చూసుకునేసరికి ఆ వాక్యం వెళ్ళిపోయింది."

"వింటున్నావా?" అన్నాడు అన్నయ్య గోడతో. "శవాల ఇంట్లో హోటలు మాటలు! పోగొట్టుకున్నవాళ్ళు తలుపు తట్టి వస్తారు. ముఖం చూసి మాట్లాడాలి. చెయ్యి పట్టుకోవాలి. కంప్యూటర్లో టకటకా కొడితే దుఃఖం తీరుతుందా?"

"తలుపు దాకా రాలేనివాళ్ళ సంగతేంటి ఇతాయ్?"

పొద్దుట్నుంచి తండ్రిని ఇతాయ్, నాన్నా అని పిలవడం అదే మొదలు. ఆ పిలుపుకైనా ఇటు తిరుగుతాడనుకున్నాను.

"రావాలని ఉంటే ఎలాగోలా వస్తారు," అన్నాడు.

అయ్యో అన్నయ్యా, ఆ మాట ఎందుకన్నావు! లునింగ్ చేతిలో మడతపెడుతున్న జాకెట్టు అలాగే ఉండిపోయింది.

"రావాలని నాకు లేదా?" అంది మెల్లగా. "అమ్మని సమాధిలో పెట్టేటప్పుడు నేనెక్కడ ఉన్నానో మీరెప్పుడన్నా అడిగారా? అంతకుముందు రోజుదాకా నాకు సెలవివ్వలేదు. ఎవరో దొరసానికి హోటల్లో దిండు మెత్తగా లేదంటే క్షమాపణలు రాస్తూ కూర్చున్నాను. అమ్మ పెట్టెలో పడుకునుంది, నేను దిండు గురించి రాస్తున్నాను ఇతాయ్! బస్సు దారిలో చిక్కుకుంది, కాస్త ఆగండి అని తియాకి ఫోన్ చేశాను. మీరు ఆగలేదు."

"ఫాదర్‌కి పక్క ఊళ్ళో పూజ ఉంది," అన్నాడు అన్నయ్య.

"ఫాదర్ కోసం ఆగారు. నా కోసం ఆగలేదు. ఊళ్ళో అందరి పిల్లల కోసం ఆగుతారు మీరు. దుబాయ్ నుంచి వచ్చేదాకా, ఓడ దిగేదాకా ఆపుతారు. నేను వచ్చేసరికి మేస్త్రీ సిమెంటు పూస్తున్నాడు."

నిజమే. ఆ ఫోను ఎత్తింది నేనే. ఆగమని నేనూ చెప్పాను. అన్నయ్య ఎందుకు ఆగలేదో ఇప్పటికీ నాకు తెలియదు. వదిన పోయిన ఆ రోజుల్లో ఆయన మొహం చూసి గట్టిగా అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరమూ ఎత్తని మాటని పిల్ల ఇవాళ మా మధ్య పెట్టింది.

అన్నయ్య పెదవులు కదిలాయి. ఇప్పుడు అంటాడు, ఇప్పుడైనా ఏదో ఒకటి అంటాడు అని చూశాను.

"వెళ్ళేదానివైతే ఎండ తగ్గకముందే వెళ్ళు," అన్నాడు. "తర్వాత బస్సులో చోటు దొరకదు."

లునింగ్ సంచీ భుజాన వేసుకుంది. దీవెన కోసం నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుంది. తండ్రి చెయ్యి కోసం చూసింది. ఆయన రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి. మెట్లు దిగిపోయింది.

నేను దాని వెంట గడపదాకా పోలేదు. పోకూడదు. కింద శవం ఉంది. నా పిల్లని నేను సాగనంపుకోకుండా ఆ గుమ్మం ఎంత అడ్డుపడిందో ఏం చెప్పను! మెట్ల మీదే కూలబడి ఏడ్చాను.

ఏడుపు అయ్యాక కిందికి వెళ్ళేసరికి అన్నయ్య ఆఫీసు గదిలో బల్ల కింద దూరి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు కూయా?" అన్నాను. అన్నయ్యని నేను పిలిచేది అలాగే.

"దీని పీక నొక్కుతున్నాను."

ఒక వైరు లాగాడు. ఫ్యాను ఆగిపోయింది. ఇంకోటి లాగాడు. హాల్లో ఆలింగ్ బియాంగ్ తలవైపు దీపాలు ఆరిపోయి, అక్కడున్న ఆడవాళ్ళు కెవ్వుమన్నారు.

"పెట్టు బాబూ పెట్టు! ఉన్న పరువు కూడా పోతుంది!"

దీపాలు వెలిగాయి. కంప్యూటర్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంది. అప్పుడే టింగుమంది. అన్నయ్య బల్ల కింద నుంచి తల బయటపెట్టాడు. మళ్ళీ టింగు. మళ్ళీ.

తెర మీద మారివిక్ పేరు. కింద ఒకదాని తర్వాత ఒకటి మాటలు వచ్చి పడుతున్నాయి.

"ఎవరైనా ఉన్నారా?"

"పొద్దున మాట్లాడిన అమ్మాయి ఉందా? ఆమెని ఏమీ అనకండి."

"అన్నయ్యకి నేను పంపింది కోపంతో కాదు. అది చదివి నవ్వొచ్చింది. అమ్మ పోయాక మొదటిసారి నవ్వాను. అమ్మ చూసుంటే ఇంకా ఎక్కువ నవ్వేది. అన్నయ్యకీ చెప్పి నవ్వుదామని పంపాను. వాడు ఇంత చేస్తాడనుకోలేదు."

"పాప నిద్రపోతోంది. లేచేదాకానే నాకు వీలు. ఎవరైనా ఉన్నారా అక్కడ?"

అన్నయ్య మోకాళ్ళ మీదే ఉండి అదంతా చదివాడు. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హాల్లో ఎవరైనా కొత్తగా తల్లినో తండ్రినో పోగొట్టుకుని వస్తే ఆయన కూర్చునేది అలాగే, వీపు నిటారుగా పెట్టి.

"ఎక్కడ రాయాలి?" అన్నాడు.

తెల్ల గడి చూపించాను. అది లునింగ్ నాకు నేర్పింది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు: "ఉన్నాను. నేను మార్సెలోని. ఆ అమ్మాయి నాన్నని."

"మాంగ్ సెలో! మీరేనా? అమ్మకి ఏ గౌను వేశారు? అన్నయ్య ఫొటో పంపాడు కానీ పువ్వులే కనిపిస్తున్నాయి."

ఆవిడకి ఆ దుస్తులు వేసినదాన్ని నేను పక్కనే ఉన్నా అన్నయ్య నన్ను అడగలేదు. లేచి హాల్లోకి పోయాడు. పెట్టె అద్దం మీద వంగి చూశాడు. ఏ కన్నీటి చుక్కా అద్దం మీద పడకూడదని మేము అందరికీ చెబుతాం. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని మరీ వంగాడు. వచ్చి రాశాడు: "నీలం గౌను. చిన్న తెల్ల పువ్వులు. మెడ దగ్గర లేసు."

"అది నేను పంపిందే. దాచుకుంటుందనుకున్నాను. ఒక్కసారైనా వేసుకుందో లేదో."

అన్నయ్య నావైపు చూశాడు.

"వేసుకుంది," అన్నాను. "పండగ పూజకి వేసుకొచ్చి మా కూతురు పంపిందని చర్చిలో అందరికీ అంచు చూపించింది. మనకీ చూపించింది కదా కూయా."

అదంతా రాయడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. అవతల పిల్ల ఓపిగ్గా ఉంది.

"జుట్టు?" అని అడిగింది తర్వాత. "నుదుటి మీద నూనె చిట్లిన మచ్చ ఉంటుంది. దాన్ని కప్పేశారా?"

అన్నయ్య మళ్ళీ లేవబోయాడు. అంతలో తెర అడుగున పసుపురంగు గడిలో ఒక వాక్యం వచ్చింది: "ఇతాయ్, జుట్టు సంగతి తియాని అడగండి. దువ్వింది తనే."

అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. "ఇదెవరు?"

"ఎవరేమిటి, నీ కూతురు! బస్సులోంచి తన ఫోన్లో చూస్తోంది. ఆ పసుపు గడిలో రాసేవి మన ఇంట్లోవాళ్ళకే కనిపిస్తాయి. అవతలివాళ్ళకి పోవు."

"పొమ్మంటే పోయింది కదా. ఇంకా ఇక్కడేం పని?"

అన్నాడే గానీ ఆ గొంతులో కసురు లేదు. పసుపు గడివైపే చూస్తూ ఉండిపోయాడు.

"కూయా, ఆ పిల్ల అడిగిందానికి జవాబు రాయి. మచ్చ కప్పలేదు. ఎలిసెయో కప్పమన్నాడు. నేనే పౌడరు వెయ్యలేదు. పక్క పాపిడి తీసి వెనక ముడి వేశాను."

రాశాడు. అవతల్నుంచి వెంటనే వచ్చింది: "మంచిపని చేశారు. ఆ మచ్చ లేకపోతే అది మా అమ్మే కాదు."

నేను కాఫీ తేవడానికి లేచాను. లేస్తూ ఉండబట్టలేక అన్నాను, "ఊరివాళ్ళ పిల్లకి ఇంత ఓపిగ్గా రాస్తున్నావు. నీ పిల్లకి ఒక్క ముక్క రాయలేవా? రమ్మని అనలేవా?"

ఆయన తెరవైపు తిరిగాడు. నేను వంటింట్లో కప్పులు కడుగుతుంటే కింద మీటలు ఒక్కొక్కటే టక్కు టక్కుమంటున్నాయి. మధ్యలో చాలాసేపు ఆగాయి. మళ్ళీ టక్కుమన్నాయి.

కాఫీ పట్టుకుని వచ్చేసరికి అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. వదినకి పెళ్ళికి ముందు పువ్వులిచ్చి వచ్చిన రోజున ఆ చెవులు అలా ఉన్నాయి. మళ్ళీ ఇదే.

"రాశావా?"

"రాశాను."

"దేన్లో రాశావు?"

తెర చూపించాడు. తెల్ల గడిలోంచి, మారివిక్ పేరు కింద, వెళ్ళిపోయి ఉంది:

"ఇంటికి రా బిడ్డా. ఈసారి నువ్వు వచ్చేదాకా ఆగుతాను."

"కూయా! ఇది హాంకాంగ్‌కి పోయింది!"

అన్నయ్య తెరకి దగ్గరగా వంగాడు. తర్వాత ఒక్కసారిగా మాటలు వచ్చి పడ్డాయి.

"నిజంగానా? నేను వచ్చేదాకా అమ్మని ఉంచుతారా?"

"అన్నయ్య శనివారమే సమాధిలో పెట్టేస్తామన్నాడు. నీకెలాగూ సెలవివ్వరు కదా అన్నాడు. నన్ను ఎవరూ అడగలేదు. రమ్మని ఒక్కరూ అనలేదు మాంగ్ సెలో. మీరే అన్నారు."

"పాప లేవగానే ఈ ఇంటి అమ్మగారిని సెలవు అడుగుతాను. కాళ్ళయినా పట్టుకుంటాను."

మా దేశంలో శవపేటికల వాడు "నువ్వు వచ్చేదాకా ఆగుతాను" అన్నాడంటే అది మాట వరసకి అన్నది కాదు. సముద్రాల అవతల ఉన్న కొడుకులూ కూతుళ్ళూ ఆ ఒక్క మాట నమ్ముకుని దొరికిన విమానం ఎక్కుతారు. మా అన్నయ్యకి అది నాకన్నా బాగా తెలుసు.

"పొరపాటని రాసెయ్," అన్నాను. "అది నీ కూతురికి రాసిందని చెప్పెయ్. పెట్టె మనది కావచ్చు, అందులో ఉన్నావిడ ఎలిసెయో తల్లి. వాడు ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఎత్తుకుపోతాడు. పిల్ల అన్ని తిప్పలూ పడి వచ్చి ఎవరి ముఖం చూస్తుంది?"

"ఏమని రాయను?" అన్నాడు అన్నయ్య. "రావద్దు అనా?"

నేను కాఫీ కప్పు బల్ల మీద పెట్టాను.

"ఒకసారి ఒక పిల్ల వచ్చేసరికి సిమెంటు పూయించాను, కోరింగ్. ఆ రోజు నీ వదిన మొహం ఇంక చూడలేకపోయాను. మూసేస్తే చాలనిపించింది నాకు. పిల్లని తలుచుకోలేదు. నన్నే చూసుకున్నాను." ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే తల తిప్పుకుని, ఒక్క వేలితో, ఈసారి ఏ మీటా వెతుక్కోకుండా కొట్టాడు: "ఉంచుతాను. రా."

బయట బండి ఆగిన చప్పుడైంది.

ఎలిసెయో నలుగురు మనుషులతో తిన్నగా ఆఫీసు గదిలోకే వచ్చాడు. "ఎత్తుతున్నాం మాంగ్ సెలో. అడ్డు రాకండి."

"అడ్డు రాను," అన్నాడు అన్నయ్య. "కానీ నేను ఒకరికి మాటిచ్చాను. ముందు ఇది చదువు."

"ఎవరికి మాటిచ్చారు? ఎవర్నడిగి ఇచ్చారు?"

"మీ చెల్లెలికి. ఎవర్నీ అడగలేదు. నాకు ఆ హక్కు లేదు, తెలుసు. అయినా ఇచ్చాను. ఆ పిల్ల వచ్చేదాకా మీ అమ్మ మనిషి మనిషిలా ఉంటుంది. ఆ పూచీ నాది. నువ్వు ఎదురు వీధికి తీసుకుపోయినా సరే, నేనే అక్కడికొచ్చి చూసుకుంటాను. ఇంక తిట్టాలంటే తిట్టు. చదివాక తిట్టు."

ఎలిసెయో చదవనన్నట్టు మొహం పక్కకి తిప్పాడు. అయితే తెర మీద మారివిక్ పేరు ఉంది కదా, కళ్ళు అటే పోయాయి. మొదటి నుంచీ చదివాడు. గౌను దగ్గర ఆగాడు. మచ్చ దగ్గర ఆగాడు. నవ్వొచ్చి పంపానన్న చోట వెనక్కి పోయి మళ్ళీ చదివాడు.

"నాతో ఎందుకు అనలేదు ఇదంతా?" అన్నాడు. అరుపు ఏమైందో ఏమో, చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"నువ్వు అడిగావా బాబూ?" అన్నాను. "నువ్వు అరుస్తావు కదా. అరిచేవాళ్ళతో ఏం చెప్పుకుంటుంది?"

అతను మనుషుల వైపు తిరిగాడు. "మీరు హాల్లో కూర్చుని కాఫీ తాగుతూ ఉండండి," అన్నాడు. పొమ్మని అనలేదు. ఎత్తమనీ అనలేదు. కుర్చీ ఖాళీగా ఉంటే దాని అంచున కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెరవైపు చూస్తూ ఉన్నాడు.

అంతలో అడుగున పసుపు గడి వెలిగింది.

"ఇతాయ్, ఆ 'ఈసారి' నాదే కదా?"

అన్నయ్య అది చదివి అవునని రాస్తాడనుకుని పక్కకి జరిగి దారిచ్చాను. ఆయన రాయలేదు. గోడ మేకుకి తగిలించిన బండి తాళం తీసుకున్నాడు.

"ఎక్కడికి కూయా?"

"కొండ దారి మొదట్లో బస్సు జనం కోసం చాలాసేపు ఆగుతుంది. అందుకోవచ్చు."

"శవాల బండిలోనా? బస్సులోవాళ్ళు హడలి చస్తారు!"

"హడలనీ," అంటూ వెళ్ళిపోయాడు. నేను గడపదాకా వెళ్ళకూడదు కాబట్టి కిటికీలోంచి చూశాను. నల్లబండి వీధి మలుపు తిరిగింది. లోమి కొట్టు దగ్గర ఉన్నవాళ్ళంతా లేచి సిలువ గుర్తు వేసుకున్నారు.

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఎలిసెయోని కాస్త జరగమని, ఏ గడో రెండుసార్లు సరిచూసుకుని, పసుపుదాంట్లోనే కొట్టాను: "దిగు తల్లీ. మీ నాన్న బయల్దేరాడు. ఏ బండిలో అని మాత్రం అడక్కు."

జవాబు కోసం ఎలిసెయో కూడా నాతోపాటే ఎదురుచూశాడు.

"దిగను తియా," అని వచ్చింది. దాని కిందే ఇంకోటి: "వేలితో రాసింది చదివాను. నోటితో ఒక్కసారి అనమను. అమ్మని పెట్టేటప్పుడు నా కోసం ఎందుకు ఆగలేదో కూడా నోటితోనే చెప్పమను. అప్పుడు దిగుతాను. లేకపోతే మనీలా పోతాను."

ఫోన్ చేసి అన్నయ్యకి చెబుదామని నంబరు నొక్కాను. బల్ల మీద కాఫీ కప్పు పక్కనే ఆయన ఫోను మోగింది.

ఆ మనిషి తన కూతుర్ని రమ్మని నోరారా పిలవడం నేనెప్పుడూ వినలేదు. ఇవాళ కూతురు పెట్టిన షరతు తెలియకుండానే అంత దూరం పోతున్నాడు. ఈ ఒక్కసారి, దేవుడా, ఆయన నోట ఆ మాట రానివ్వు.